మత్తు ఒకటే – మేనులు వేరు

విజ్ఞానశాస్త్ర విషయమును గూర్చి తెలుగు ఉపన్యాసకుడు వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మా వృత్తి పద్యము చెప్పుట, వ్యాకరణము బోధించుట. అయినను ఈ సంచికలో ఛందస్సును ప్రక్కన బెట్టి మత్తుమందును గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. దానిని ముందుగా మనవి చేసికొందుము.

రెండేండ్ల క్రిందట మా అమ్మగారికి పిత్తాశయములో రాళ్లు ఏర్పడినవి. ఆపరేషను తప్పదన్నారు. ముందురోజు సాయంకాలము మత్తు డాక్టరమ్మ వచ్చి, బి.పి., షుగరు, పాత మందుల వివరములు అడిగి, చివరకు ఇట్లు ప్రశ్నించినది: "అమ్మా, మీ రక్తసంబంధీకుల్లో ఆపరేషను సమయంలో మత్తు వల్ల ఇబ్బంది పడినవారు ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు బిడ్డా" అన్నది మా అమ్మ.

డాక్టరమ్మ వెళ్లిన తరువాత, చాలసేపటికి, అమ్మ తనలో తాననుకొనుచున్నట్లు అన్నది: "మీ చిన్న మామూకి అపెండిక్స్ ఆపరేషను చేసినారు కదా. మత్తిచ్చిన కాసేపటికే ఒళ్లు పెనంలాగ కాలిపోయిందట. కాళ్లు చేతులు కొయ్యల్లాగ బిగుసుకుపోయినాయట. తెల్లారేసరికి పోయినాడు."

"ఈ సంగతి డాక్టరుకు ఎందుకు చెప్పలేదమ్మీ?"

"అది జబ్బా ఏమిటి, చెప్పడానికి? వాడి తఖ్దీర్!"

మేము పరుగున వెళ్లి ఆ మాట డాక్టరమ్మకు విన్నవించినాము. ఆమె ముఖము గంభీరమైనది. ముందు అనుకొన్న పద్ధతిని మార్చినారు. ముక్కు ద్వారా పీల్పించు మత్తును పూర్తిగా మానివేసి, సూది ద్వారా ఎక్కించు వేరొక మందుతో ఆపరేషను ముగించినారు. అల్లా దయ వలన అమ్మ క్షేమముగా ఇంటికి వచ్చినది. మా మామూ ఏ కారణమున పోయినారో నేడు రుజువు చేయుట ఎవరి తరమును గాదు. కాని ఆ ఒక్క ప్రశ్న వెనుక ఎంత శాస్త్రము దాగియున్నదో తెలిసికొనవలెనను కోరిక మాకు ఆనాడు కలిగినది. జంతుశాస్త్ర శాఖలోని మిత్రుల సహాయముతో చదివినాము. చదివినదానిని సులభముగా చెప్పుటకే ఈ ప్రయత్నము.

హైదరాబాదు ప్రయోగములు

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టను నగరమున ఈథరు ఆవిరితో నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని బహిరంగముగా రుజువైనది. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చినాడు. అది త్వరగా పనిచేయును. వాసన కూడ అంత ఘాటు కాదు. కాని 1848 జనవరిలో ఇంగ్లండులో పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి కొద్ది నిమిషములలోనే మరణించినది. అట్టి మరణములు అక్కడక్కడ జరుగుచునే వచ్చినవి. అప్పటినుండి ఒక వివాదము బయలుదేరినది. క్లోరోఫారము ముందుగా శ్వాసను ఆపుచున్నదా, గుండెను ఆపుచున్నదా?

ఆ వివాదమునకు మన హైదరాబాదు వేదికయైనది. హైదరాబాదు వైద్యపాఠశాలకు అధిపతిగా నుండిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వపు ఖర్చుతో 1888లో జంతువులపై ప్రయోగములు జరిపినాడు. శ్వాసయే ముందు ఆగునని తేల్చినాడు. లండనులోని లాన్సెట్ పత్రిక దానిని అంగీకరింపలేదు. అంతట నిజాము ప్రభుత్వము వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధ వైద్యుని 1889లో హైదరాబాదుకు రప్పించినది. ఈ రెండవ సంఘము కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైబడిన జంతువులపై ప్రయోగములు జరిపి, లారీ చెప్పినదే నిజమన్నది. ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్జీ ఆ వైద్యపాఠశాలలోనే చదివినది. ఈ ప్రయోగములతో ఆమెకు సంబంధము కలదు.

అయితే చరిత్ర అచ్చట ఆగలేదు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగము చేసి, మత్తు తేలికగా నున్న స్థితిలో శరీరమున ఎడ్రినలిన్ హెచ్చినచో క్లోరోఫారము గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా చంపగలదని నిరూపించినాడు. కావున హైదరాబాదు సంఘము చెప్పినది సగము సత్యమే. శ్వాసను గమనింపుడన్న వారి హితవు మంచిదే; గుండెకు భయము లేదన్నది పొరపాటు.

ఈ పొరపాటునకు కారణము వంశగుణమని మేము అనుట లేదు. కాని నేటి విద్యార్థి ఆ నివేదికను చదివినచో మరొక ప్రశ్న వేయును. ఆ కుక్కలు ఏ వంశమునకు చెందినవి? ఒక కుక్క తట్టుకొన్న మోతాదునకు మరొక కుక్క చనిపోయినచో, ఆ తేడా మందులో నున్నదా, కుక్కలో నున్నదా? ఆనాడు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు సాధనమే లేదు. ఆ సాధనము ఇరువది ఏండ్ల తరువాత, ఒక చిట్టెలుక రూపమున వచ్చినది.

మత్తును కొలుచుట ఎట్లు?

తూకము లేనిదే వ్యాపారము లేదు. కొలత లేనిదే శాస్త్రము లేదు. పీల్చు మత్తు బలమును కొలుచుటకు 1960వ దశకములో అమెరికాకు చెందిన ఎగర్, ఆయన సహచరులు ఒక పద్ధతిని స్థిరపరచినారు. ఊపిరితిత్తుల వాయుకోశములలో మత్తుమందు ఎంత శాతము ఉన్నచో, కోత పెట్టినపుడు నూటికి యాబది మంది కదలకుండ ఉందురో, ఆ శాతమే ఆ మందు బలమునకు కొలత. దీనిని వైద్యులు మ్యాక్ అను సంకేతముతో పిలుచుచున్నారు. నలుబది ఏండ్ల మనిషికి హాలోథేన్ విషయమున ఇది దాదాపు 0.75 శాతము, ఐసోఫ్లురేనుకు 1.15 శాతము, సెవోఫ్లురేనుకు 2 శాతము, డెస్‌ఫ్లురేనుకు 6 శాతము. నైట్రస్ ఆక్సైడునకు 104 శాతము. అనగా మామూలు వాతావరణ పీడనములో అది ఒక్కటే ఆపరేషనుకు చాలదని అర్థము.

అంకె ఎంత తక్కువయైన మందు అంత బలమైనదని గుర్తుంచుకొనవలెను. ఘాటైన మిరపకాయ ఒక్కటి చాలును; చప్పని మిరపకాయలు పది వేయవలెను. ఇదియును అట్టిదే.

చిట్టెలుకకు కోత పెట్టరు. గాజు గొట్టము వంటి పెట్టెలో నుంచి, గాలిలో మందు శాతమును కొంచెము కొంచెముగా హెచ్చించుచు, తోకను చిన్న పట్టుకారుతో నొక్కి, కదలినదో లేదో చూతురు. ఒంటి వేడి తగ్గినచో మత్తు త్వరగా ఎక్కును. వయస్సు పెరిగినను అంతే. కావున వేడిమిని, వయస్సును సమముగా నుంచిన పిదపనే ఒక జంతువును మరొక జంతువుతో పోల్చవలెను.

ఇరువది తరముల ఎలుకలు

1909లో క్లారెన్స్ కుక్ లిటిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక కాన్పులో పుట్టిన చిట్టెలుకలను ఒకదానితో ఒకటి జతగూర్చి, వాటి పిల్లలను మరల అట్లే జతగూర్చి, తరతరములుగా ఒకే వంశమును పెంచుట ప్రారంభించినాడు. ఆ విధముగా ఏర్పడిన మొదటి వంశమునకు డి.బి.ఎ. అని పేరు. 1921లో ప్రారంభమైన సి57 బ్లాక్ అను నల్లని ఎలుకల వంశము నేడు ప్రపంచమంతట ప్రయోగశాలలలో కనిపించును. 1929లో లిటిల్ స్థాపించిన జాక్సన్ ప్రయోగశాల ఈ వంశములకు పుట్టినిల్లు వంటిది.

ఇరువది తరములు ఇట్లు సోదర సోదరీ సంపర్కము జరిగినచో, ఒక్కొక్క జన్యువునకు తల్లి వైపు ప్రతి, తండ్రి వైపు ప్రతి నూటికి 98 పాళ్లకు పైగా ఒక్కటే అగును. వంశములోని ఎలుకలన్నియు దాదాపు కవల పిల్లలతో సమానము. ఇట్టి దానిని శుద్ధవంశమందుము. శుద్ధమనగా శ్రేష్ఠమని భ్రమపడరాదు. ఏకరూపమని మాత్రమే అర్థము. ఒకే ఇంటిలో, ఒకే మేతతో, ఒకే వయస్సు గల రెండు శుద్ధవంశముల ఎలుకలకు ఒకే మత్తునిచ్చి చూచినపుడు తేడా కనిపించినచో, ఆ తేడాకు మూలము వారసత్వమని ధైర్యముగా చెప్పవచ్చును.

క్లోరోఫారము మగ ఎలుకలను ఏల చంపినది?

ఈ సాధనముతో మరల క్లోరోఫారము వద్దకు వత్తము. 1953లో ప్రకటితమైన ఒక పరిశోధనలో సి3హెచ్ అను వంశపు చిట్టెలుకలు క్లోరోఫారము ఆవిరికి గురియైనపుడు మగవి మూత్రపిండములు చెడి చనిపోయినవి, ఆడవి బ్రతికినవి. అంతకు ముందే, 1940వ దశకములో, మగ హార్మోను దీనికి కారణమని తెలిసియుండెను. వృషణములు తీసివేసిన మగ ఎలుకకు హాని తగ్గును.

మగ ఎలుకలన్నియు ఒక్క తీరున చనిపోవునా? అదియును గాదు. 1975లో జరిగిన ప్రయోగములో డి.బి.ఎ. మగ ఎలుకలను సగము మందిని చంపు మోతాదు కంటె నాలుగు రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చినగాని సి57 బ్లాక్ మగ ఎలుకలలో సగము చనిపోలేదు. ఈ రెండు వంశములను కలిపి పుట్టించిన పిల్లలు తల్లిదండ్రులకు నడిమి స్థానములో నిలిచినవి. తట్టుకొనలేని వంశపు మూత్రపిండములలో క్లోరోఫారము రెండింతలు పేరుకొనుచున్నట్లు కూడ తేలినది.

ఇందులో మనము గ్రహింపవలసినది రెండు విషయములు. మొదటిది: మందు విషమా, ఔషధమా అన్నది మందును బట్టియే గాక, దానిని పుచ్చుకొను దేహమును బట్టి కూడ ఉండును. రెండవది: సగటు లెక్క ప్రమాదకరము. రెండు వంశములను కలగలిపి సగటు తీసినచో, ఒక వంశమునకు అది చావు మోతాదు, మరొక వంశమునకు లెక్కలేని మోతాదు. హైదరాబాదు ప్రయోగములనాటి మంద ఎంత కలగలుపో ఊహించుడు.

నిద్రయు వారసత్వమే

పైన చెప్పినది విషప్రభావము. మత్తు లోతు కూడ వంశమును బట్టి మారునా? మారును. 1980లో అమెరికాలో కాబ్లిన్, ఎగర్ ప్రభృతులు ఒక చక్కని ప్రయోగమును ప్రకటించినారు. చిట్టెలుకల మందలో నైట్రస్ ఆక్సైడునకు త్వరగా లొంగువానిని ఒక వైపు, లొంగనివానిని మరొక వైపు ఏరి, వేరువేరుగా పిల్లలు పెట్టించినారు. తరములు గడచిన కొలది రెండు వంశములు దూరమైనవి. మొదటి వంశమునకు తక్కువ వాయువు చాలును. రెండవదానికి ఎక్కువ కావలసి వచ్చెను. ఎద్దులలో బరువు లాగు జాతిని, వేగముగా పరుగెత్తు జాతిని రైతు ఏరి పెంచినట్లు, మత్తును తట్టుకొను శక్తిని సైతము ఏరి పెంచవచ్చునని దీనివలన తెలిసినది.

2000 సంవత్సరమున సానర్, గాంగ్, ఎగర్ అను మువ్వురు పదునైదు వంశముల చిట్టెలుకలకు హాలోథేన్, ఐసోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్ ఇచ్చి కొలిచినారు. అతి సులువుగా లొంగు వంశము కంటె అతి కష్టముగా లొంగు వంశమునకు మూడవ వంతు మొదలు సగము వరకు అదనపు మత్తు కావలసి వచ్చినది. ఇది పెద్ద తేడా కాదనిపించవచ్చును. కాని ఆపరేషను బల్లమీద సగము అదనపు మత్తు అనగా, ఒకరు నిద్రించుటకును, మరొకరు మేలుకొనుటకును నడుమనున్న దూరము.

ఏ జన్యువు?

వారసత్వమున్నదని తెలిసిన పిదప, ఏ జన్యువన్న ప్రశ్న వచ్చును. ఎలుక కంటె సులభమైన జీవులలో దీనిని వెదకినారు. 1987లో సెడెన్‌స్కీ, మెనీలీ అనువారు కంటికి కనబడీ కనబడని సన్నని నేలపురుగులో హాలోథేనుకు అతిగా లొంగు మార్పును పరిశీలించినారు. 1990లో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన కె.ఎస్. కృష్ణన్, అమెరికాకు చెందిన హోవర్డ్ నాష్ కలిసి పండ్ల ఈగలలో హాలోథేను ప్రభావము మారిన రకములను కనుగొన్నారు. మత్తు ఆవిరి నిండిన నిలువు గొట్టములో ఈగలను విడిచి, ఏది ముందు జారిపడునో, ఏది పట్టుకొని నిలుచునో చూచుట వారి పద్ధతి. పురుగులో దొరికిన జన్యువును, ఈగలో దొరికిన జన్యువును వేరువేరు దేశములలో వేరువేరు వ్యక్తులు వెదకినవే. తరువాత చూడగా రెండును నాడీకణములలోనికి సోడియమును సన్నగా చొరనిచ్చు ఒకే ద్వారమునకు సంబంధించినవని తేలినది.

మరొక జన్యువు కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాకు చెందినది. దాని మొదటి భాగములో లోపమున్న పురుగు స్వల్పమైన మత్తునకే పడిపోవును. ఎన్.డి.యు.ఎఫ్.ఎస్.4 అను జన్యువు తీసివేసిన చిట్టెలుకకు మామూలు ఎలుకకు కావలసిన మత్తులో సగము కంటె తక్కువ చాలును. ఆ మైటోకాండ్రియా భాగములోనే లోపముతో పుట్టిన కొందరు శిశువులు సెవోఫ్లురేనుకు అతి త్వరగా లొంగిపోవుదురని 2002లో వైద్యులు గమనించినారు. పురుగులో ప్రారంభమైన ప్రశ్నకు పసిబిడ్డ ఊయల దగ్గర సమాధానము దొరకినది. ఇట్టి పరిశోధనలు ఎందుకని అడుగువారికి ఇదియే జవాబు.

పంది నేర్పిన పాఠము

ఇక మా మామూ విషయమునకు దగ్గరైన కథ. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున 21 ఏండ్ల యువకుడొకడు ప్రమాదములో కాలు విరుగగొట్టుకొని ఆసుపత్రికి వచ్చినాడు. విరిగిన కాలు కంటె మత్తునకే ఎక్కువ భయపడినాడు. అతని బంధువులలో పదిమంది మత్తు తీసికొన్నపుడు మరణించినారట. వైద్యులు ఆ మాటను త్రోసివేయక, కొత్తగా వచ్చిన హాలోథేనును జాగ్రత్తగా ఇచ్చినారు. కొద్ది నిమిషములలోనే దేహము వేడెక్కి, నాడి పరుగెత్తసాగినది. మత్తును వెంటనే ఆపి, మంచుగడ్డలతో చల్లబరచి అతనిని బ్రతికించినారు. డెన్‌బరో, లోవెల్ అను వైద్యులు దీనిని లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. నేడు దీనిని ప్రాణాంతక అతితాప వ్యాధి యనవచ్చును. మత్తు ఆవిరి తగిలినపుడు కండరములలోని కాల్షియము కట్టలు తెంచుకొని పారును. కండరములు కొయ్యబారును, ఒళ్లు కొలిమియగును.

అదే 1960వ దశకములో యూరపులోని లాండ్రేస్, పియెట్రెయిన్ మొదలగు జాతుల పందులలో ఇట్టి లక్షణమే కనిపించినది. కొవ్వు తక్కువ, కండ ఎక్కువ గల పందులను రైతులు తరతరములుగా ఏరి పెంచినారు. కండను పెంచు ఆ జన్యుమార్పే మత్తునకు చావును కూడ వెంట తెచ్చినదని వారెరుగరు. తరువాత పందిపిల్లలకు కొద్ది నిమిషములు హాలోథేను పీల్పించి, కాళ్లు బిగుసుకొన్నవానిని వేరుచేయు పరీక్ష వచ్చినది. 1991లో ఆ మార్పు ఏ జన్యువులో నున్నదో దొరకినది. కండరములలో కాల్షియమును విడుదల చేయు ద్వారపు జన్యువులో ఒక్క అక్షరము మారుటయే కారణము. మనుష్యులలో కొన్ని కుటుంబములలో సరిగా దానికి సమమైన స్థానములోనే మార్పు కలదు. తేడా ఒక్కటే: పందిలో తల్లి నుండి, తండ్రి నుండి రెండు లోపపు ప్రతులు వచ్చినగాని సాధారణముగా వ్యాధి కనబడదు, మనిషిలో ఒక్క ప్రతి చాలును. అనగా తల్లికో తండ్రికో ఉన్నచో, ప్రతి బిడ్డకును సగము అవకాశము.

దీనికి మందు కూడ పందుల వలననే వచ్చినది. 1975లో దక్షిణాఫ్రికాకు చెందిన హారిసన్, డాంట్రోలీన్ అను ఔషధము ఇట్టి పందులను రక్షించునని చూపినాడు. మునుపు ఈ వ్యాధి వచ్చిన పదిమందిలో ఏడెనిమిది మంది పోయెడివారు. ఔషధము సిద్ధముగా నున్నచోట నేడు చాలమంది బ్రతుకుచున్నారు. మన మతము తినరాదన్న జంతువు మన ప్రాణమును కాపాడు విద్యను నేర్పినది. విద్యకు అంటు లేదు.

తొందరపాటు తగదు

ఇంతమాత్రమున ప్రతి తేడాను జన్యువునకే అంటగట్టరాదు. ఒక హెచ్చరిక: పలువురు శాస్త్రజ్ఞులు ఒక జన్యువును తొలగించిన ఎలుకలను తయారుచేయునపుడు 129 అను వంశపు కణములను తీసికొని, పిదప సి57 బ్లాక్ వంశముతో కలుపుదురు. ఆ ఎలుక మత్తునకు లొంగకున్నచో, అది తొలగించిన జన్యువు ఫలితమా, ప్రక్కనే అంటుకొని వచ్చిన 129 వంశపు గుణమా? ఈ సందేహము తీరుటకు పది తరముల వరకు ఒకే వంశముతో మరల మరల కలిపి, ఒకే కాన్పు పిల్లలతో పోల్చవలెను. ప్రయోగమునకు ఎలుకను వాడినామని వ్రాసినచో చాలదు. ఏ వంశము, ఆడదా మగదా, వయస్సెంత అని వ్రాయనిచో ఆ ప్రయోగము చిరునామా లేని ఉత్తరము వంటిది.

మరొక ఉదాహరణము: 2004లో ఇరువది మంది స్త్రీలపై జరిగిన పరీక్షలో ఎఱ్ఱజుట్టు వారికి డెస్‌ఫ్లురేన్ 19 శాతము ఎక్కువ కావలెనని తేలినది. ఆ వార్త లోకమంతట ప్రచారమైనది. 2012లో వందలాది రోగులను పరిశీలించిన మరొక పరిశోధనలో అట్టి తేడా కనబడలేదు. మొదటి మాట విని తలయూపుట గాక, రెండవ మాట వరకు వేచియుండుటయే శాస్త్రజ్ఞుని సంస్కారము.

మన ఇండ్ల మాట

మన తెలుగు నేలకును ఈ విషయముతో సంబంధము కలదు. పీల్చు మత్తు కాకున్నను, ఆపరేషనులో కండరములను సడలించుటకు ఇచ్చు సక్సినిల్‌కోలిన్ అను సూదిమందు సామాన్యముగా కొద్ది నిమిషములలో విరిగిపోవును. దానిని విరుగగొట్టు రక్తములోని ఎంజైము కొందరిలో లోపించియుండును. అట్టివారికి శ్వాస గంటల తరబడి తిరిగి రాదు. యంత్రముతో ఊపిరి ఆడించవలెను. ఈ లోపము మన వైశ్య సోదరులలో ఇతరుల కంటె ఎక్కువగా కనబడుచున్నది. వేల ఏండ్ల క్రిందట కొద్దిమంది పూర్వులతో మొదలై, తమలో తామే వివాహములు చేసికొనుచు వచ్చుట దీనికి కారణము. ఇందులో ఏ కులము తప్పును లేదు, తక్కువయును లేదు. తెలిసిన వైద్యుడు వేరొక మందు వాడును. అంతటితో ప్రమాదము తొలగును.

హిందువులలో మేనరికము, మేనమామతో పెండ్లి; మనలో చాచా బిడ్డతో, ఖాలా బిడ్డతో నికాహ్. పద్ధతులు వేరైనను, దగ్గరి రక్తము కలియుట ఒక్కటే. రెండు ప్రతులు కూడినగాని బయటపడని లోపములు అట్టి ఇండ్లలో ఎక్కువగా బయటపడును. ఎలుకల శుద్ధవంశమునకును మన బంధుత్వములకును చాల దూరమున్నది. అయినను లెక్క ఒక్క తీరుదే.

కావున విద్యార్థులారా, మా విన్నపము చిన్నది. ఈ సెలవులలో ఇంటికి వెళ్లినపుడు దాదీని, నానీని, అమ్మమ్మను, తాతయ్యను కూర్చుండబెట్టి అడుగుడు: మన వంశములో ఆపరేషను బల్లమీద పోయినవారున్నారా? మత్తునుండి త్వరగా తెలివి రానివారున్నారా? ఒళ్లు కాలినవారున్నారా? వారు తఖ్దీర్ అన్నను, తలవ్రాత అన్నను, మీరు దానిని కాగితముమీద వ్రాసి ఉంచుడు. రేపు మీ ఇంటివారికి ఆపరేషను అవసరమైనపుడు ఆ కాగితమును మత్తు డాక్టరుకు చూపుడు. అడుగకున్నను చూపుడు.

కళాశాల కమిటీ పెద్దలకు మరొక మనవి. హాస్టలులో చేరు విద్యార్థుల ఆరోగ్య పత్రములో రక్తపు గ్రూపు గడి ఉన్నది. దాని క్రింద, కుటుంబములో మత్తు వలన ఎవరికైనను హాని కలిగినదా యను మరొక గడిని చేర్చిన బాగుండును. అర్ధరాత్రి ఏ పిల్లవానికైనను కడుపునొప్పి వచ్చి, తల్లిదండ్రులు వచ్చులోగా ఆపరేషను చేయవలసివచ్చినచో, ఆ ఒక్క గడి మాటలాడును. దీనికి అయ్యెడి ఖర్చు ఒక పంక్తి సిరా.

మా అమ్మగారు నేడు క్షేమముగా నున్నారు. తమ్ముని మాట వచ్చినపుడు ఇప్పటికిని తఖ్దీర్ అనియే అందురు. మేము కాదనము. కాని ఆ మాట తరువాత, ఇంటికి వచ్చిన ప్రతి చుట్టముతోను ఆమె తప్పక మరొక మాట చేర్చుచున్నారు: "మీరు మాత్రం డాక్టరుకు చెప్పండి బిడ్డా."